స్పానిష్ ఛానళ్లకు డబ్బు సీరియళ్లు తెచ్చాయి, బలం లోకల్ న్యూస్ తెచ్చింది

అమెరికాలో స్పానిష్ టీవీ అనగానే చాలామందికి గుర్తొచ్చేవి టెలినొవెలాలు, అంటే అక్కడి సీరియళ్లు. ఆస్తి తగాదాలు, పురిట్లో మారిపోయిన పిల్లలు, ఏళ్ల తరబడి దాచిన రహస్యాలు. యూనివిజన్, టెలిముండో అనే రెండు పెద్ద నెట్‌వర్కులకు దశాబ్దాల పాటు డబ్బు తెచ్చిపెట్టింది అవే, అందులో సందేహం లేదు. కానీ ఒక వలస సమాజం ఆ స్టేషన్లను తమవే అనుకుని నమ్మడానికి కారణం మాత్రం తెల్లవారుజామున వచ్చే రేడియో, సాయంత్రం ఆరింటికి ఊళ్లో ఏం జరిగిందో స్పానిష్‌లో చెప్పే లోకల్ న్యూస్. ఈ తేడా పట్టించుకోకపోతే ఆ రంగం ఎలా ఎదిగిందో అర్థం కాదు, ఇప్పుడు ఎక్కడ దెబ్బ తింటోందో కూడా అర్థం కాదు.

మొదలైంది రేడియోతోనే. 1920ల చివర్లో, 30ల మొదట్లో అమెరికన్ రేడియో స్టేషన్లకు తెల్లవారుజాము గంటలు ఎందుకూ పనికిరానివి. ఇంగ్లిష్ శ్రోతలు నిద్రలో ఉంటారు, యాడ్లు రావు, అందుకని ఆ టైమును ఎవరైనా కొనుక్కుంటామంటే చవగ్గా ఇచ్చేసేవారు. కొనుక్కున్నవాళ్లు పాటగాళ్లను తామే తెచ్చుకోవాలి, యాడ్లూ తామే తెచ్చుకోవాలి. లాస్ ఏంజెలెస్ పక్కనే బర్బాంక్‌లో కేఈఎల్‌డబ్ల్యూ అనే స్టేషన్‌లో పెద్రో గొన్సాలెస్ ‘లోస్ మద్రుగదోరెస్’ అనే కార్యక్రమం నడిపింది అలాంటి వేళలోనే, తెల్లవారుజామున 4 నుంచి 6 దాకా. మెక్సికో విప్లవంలో పాంచో వియా దగ్గర టెలిగ్రాఫ్ ఆపరేటర్‌గా పనిచేసి వలస వచ్చిన మనిషి ఆయన. ఇంగ్లిష్ వాళ్లు నిద్రపోయే ఆ వేళకే మెక్సికన్ కూలీలు లేచి పనికి తయారవుతుంటారు, కాబట్టి స్టేషన్ వాళ్లు దండగ అనుకున్న గంటలే ఆయనకు బంగారం అయ్యాయి. పాటలు పాడేవాడు, కాఫీ పొడి యాడ్ పాడేవాడు, మధ్యలో ఎక్కడ పని దొరుకుతుందో చెప్పేవాడు.

అవి మహా మాంద్యం రోజులు. మెక్సికో మూలాలున్నవాళ్లను లక్షల సంఖ్యలో సరిహద్దు దాటించి పంపేస్తున్నారు, వాళ్లలో అమెరికాలోనే పుట్టిన పౌరులు కూడా ఉన్నారు. గొన్సాలెస్ దాన్ని మైకులోనే తప్పుపట్టాడు. 1934లో ఆయన్ను అత్యాచారం కేసులో ఇరికించి 50 ఏళ్ల శిక్ష వేశారు, ఫిర్యాదు చేసిన అమ్మాయి తర్వాత తన మాట వెనక్కి తీసుకున్నా వదల్లేదు. 1940లో విడుదల చేసి నేరుగా మెక్సికోకు పంపేశారు. పాటల కార్యక్రమం నడిపే మనిషంటే అధికారులకు అంత భయం ఎందుకు? ఆయన ఒక్కమాట చెబితే తెల్లారేసరికి వందలమంది పనిముట్లతో వచ్చి నిలబడేవాళ్లు, భయం దానికే.

సొంత లైసెన్సుతో స్టేషన్ పెట్టే వీలు మాత్రం రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక గానీ రాలేదు. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో రఊల్ కోర్తెస్ కూడా మొదట వేరే స్టేషన్‌లో టైము కొని యాడ్లు అమ్ముకున్నవాడే, అంతకుముందు అక్కడి స్పానిష్ పత్రిక ‘లా ప్రెన్సా’లో విలేకరి. 1944లో లైసెన్సుకు దరఖాస్తు పెట్టి, 1946లో కేసీఓఆర్ మొదలుపెట్టాడు. అమెరికాలో ఒక మెక్సికన్ అమెరికన్ సొంతంగా, రోజంతా స్పానిష్‌లో నడిపిన తొలి రేడియో స్టేషన్ అది. 1955లో దానికి టీవీ స్టేషన్ కూడా కలిపాడు, ఛానల్ 41. సాయంత్రం 5 నుంచి అర్ధరాత్రి దాకానే ప్రసారం, ఎందుకంటే చూసేవాళ్లంతా పగలు పనిలో ఉంటారు. కార్యక్రమాల్లో దాదాపు సగం లైవ్, మెక్సికో నుంచి వచ్చిన కళాకారులు రేడియో స్టూడియోలోనే కెమెరా ముందు నిలబడి పాడేవాళ్లు.

ఈ 41 అనే అంకె దగ్గర కాస్త ఆగాలి, అసలు చిక్కంతా అందులోనే ఉంది. అప్పట్లో అమెరికాలో టీవీ సెట్లలో ఎక్కువ భాగం 2 నుంచి 13 వరకు ఉన్న వీహెచ్‌ఎఫ్ ఛానళ్లనే పట్టేవి. ఆ నంబర్లు పెద్ద నెట్‌వర్కుల చేతుల్లోకి ఎప్పుడో వెళ్లిపోయాయి. కొత్తగా వచ్చేవాళ్లకు మిగిలింది 14 పైన ఉండే యూహెచ్‌ఎఫ్, అది చూడాలంటే ఇంట్లో వేరే కన్వర్టర్ పెట్టె కొనుక్కోవాలి, బొమ్మ కూడా అంత బాగా వచ్చేది కాదు. అంటే చేతిలో అందరికన్నా తక్కువ డబ్బున్న ప్రేక్షకుడే తన భాషలో టీవీ చూడటానికి అందరికన్నా ఎక్కువ ఖర్చు పెట్టాల్సి వచ్చింది. అన్ని ఛానళ్లూ పట్టే సెట్లే తయారుచేయాలని 1962లో చట్టం వచ్చి, 1964 నుంచి అమలైంది. అప్పటికి కోర్తెస్ చేతులెత్తేశాడు. ప్రేక్షకులు ఉన్నారని ఆయనకు తెలుసు, యాడ్ ఏజెన్సీలకు చూపించడానికి లెక్క మాత్రం లేదు, ఎందుకంటే రేటింగ్ కంపెనీలు స్పానిష్ ఇళ్లను లెక్కలోకి తీసుకునేవే కావు. 1961లో టీవీ స్టేషన్ అమ్మేశాడు.

కొన్న బృందంలో ఆయన అల్లుడు ఎమీలియో నికోలస్ ఉన్నాడు. వెనకాల ఉన్నది మాత్రం మెక్సికో ప్రసార రంగానికి పెద్ద తలకాయ ఎమీలియో అస్కారగ విదౌరెత, 1930లో మెక్సికో సిటీలో ఎక్స్‌ఈడబ్ల్యూ రేడియో పెట్టిన వ్యక్తి. తర్వాత టెలెవిసాగా మారిన సామ్రాజ్యం ఆయనదే. ఆయన లెక్క చాలా సూటిగా ఉంది. సీరియల్ తీయడానికి అయిన ఖర్చు మెక్సికో యాడ్లతోనే వచ్చేసింది, అదే టేపు అమెరికాలో వేస్తే వచ్చేదంతా మిగులే. 1962లో లాస్ ఏంజెలెస్‌లో కేఎంఈఎక్స్, ఛానల్ 34, మొదలైంది. స్టేషన్లన్నీ కలిపి యాడ్లు అమ్మే నెట్‌వర్కుకు స్పానిష్ ఇంటర్నేషనల్ నెట్‌వర్క్, క్లుప్తంగా సిన్, అని పేరు పెట్టి రెనె అన్సెల్మో చేతికిచ్చారు. తొలి రోజుల్లో టేపులు ఒక స్టేషన్‌లో వేసి, మరో ఊరికి పార్సిల్ చేసి, అక్కడి నుంచి ఇంకో ఊరికి పంపేవాళ్లు. 1976లో సిన్ ఉపగ్రహం ద్వారా స్టేషన్లకు కార్యక్రమాలు పంపడం మొదలుపెట్టింది, ఆ పని చేసిన తొలి అమెరికన్ టీవీ నెట్‌వర్క్ అదే. పెద్ద ఇంగ్లిష్ నెట్‌వర్కులైన ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీల కన్నా ముందు.

సీరియళ్ల కథ ఇంతవరకే అయితే ఇది ఒక మంచి వ్యాపారం కథ, అంతే. కానీ స్టేషన్ లైసెన్సు ఉండాలంటే ఆ ఊరికి పనికొచ్చేది ఏదో ఒకటి ప్రసారం చేయాలనేది ప్రసార లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ నియమం, అందువల్ల ప్రతి స్టేషన్‌లోనూ చిన్నదో పెద్దదో ఒక న్యూస్ రూమ్ పుట్టింది. అక్కడి నుంచి కథ మలుపు తిరిగింది. 1970లో లాస్ ఏంజెలెస్ టైమ్స్‌లో పేరున్న విలేకరి రూబెన్ సలసార్ కేఎంఈఎక్స్‌కు న్యూస్ డైరెక్టర్‌గా వచ్చాడు, పత్రికలో వారం వారం కాలమ్ రాస్తూనే. వియత్నాం యుద్ధం నుంచి, మెక్సికో సిటీ నుంచి వార్తలు పంపిన మనిషి ఒక చిన్న యూహెచ్‌ఎఫ్ స్టేషన్‌కు ఎందుకు వస్తాడు? తను ఎవరి గురించి రాస్తున్నాడో వాళ్లతో వాళ్ల భాషలోనే మాట్లాడాలని. పోలీసుల దౌర్జన్యాల మీద ఆయన స్టేషన్ గట్టిగానే వార్తలిచ్చింది. అదే ఏడాది ఆగస్టు 29న, వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా మెక్సికన్ అమెరికన్లు చేసిన పెద్ద ప్రదర్శన రోజు, షెరిఫ్ డెప్యూటీ పేల్చిన టియర్ గ్యాస్ గుండు తలకు తగిలి ఒక బార్‌లో కూర్చున్నచోటే చనిపోయాడు. ఆ డెప్యూటీ మీద కేసు పెట్టలేదు. ఇవాళ ఈస్ట్ లాస్ ఏంజెలెస్‌లో ఆయన పేరుతో పార్కు ఉంది, 2008లో తపాలా బిళ్ల కూడా వచ్చింది.

ఇదే న్యూస్ రూమ్ బలం 1986లో ఇంకోలా బయటపడింది. అమెరికా చట్టం ప్రకారం ప్రసార లైసెన్సుల మీద విదేశీయుల పెత్తనం ఉండకూడదు. సిన్ స్టేషన్లు నిజానికి అస్కారగ కుటుంబం చేతిలోనే నడుస్తున్నాయని ఆ ఏడాది జనవరిలో ఎఫ్‌సీసీ న్యాయాధికారి తేల్చాడు, స్టేషన్లు అమ్మకానికి వచ్చాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే టెలెవిసా తన ప్రధాన న్యూస్ యాంకర్ హకోబో సబ్లుదోవ్‌స్కీని సిన్ వార్తా విభాగం మీద పెట్టబోయింది. ఆయన మెక్సికోలో అధికార పార్టీ పీఆర్‌ఐకి అనుకూలంగా వార్తలిస్తాడని అందరికీ తెలుసు, ఆ కంపెనీ యజమాని తాను పీఆర్‌ఐ సైనికుడినని బాహాటంగా చెప్పుకున్నవాడు. మయామీ న్యూస్ రూమ్‌లో న్యూస్ డైరెక్టర్ గుస్తావో గొదోయ్‌తో సహా చాలామంది ఉద్యోగాలు వదిలేసి బయటికొచ్చి, అప్పుడే పుడుతున్న టెలిముండోకు వార్తలు తయారుచేయడం మొదలుపెట్టారు. ఉద్యోగం పోయినా ఫరవాలేదు, ఇంకో దేశపు ప్రభుత్వానికి బాకా ఊదే వార్త చదవం అన్న ఆ పట్టుదల వల్లే ఆ ఛానళ్లు టెలెవిసాకు అమెరికన్ బ్రాంచి ఆఫీసుల్లా మిగిలిపోలేదు.

స్టేషన్లను కొన్నది ఎవరంటే, గ్రీటింగ్ కార్డుల కంపెనీ హాల్‌మార్క్, ఒక పెట్టుబడి సంస్థతో కలిసి, సుమారు 30 కోట్ల డాలర్లకు. లాటినో, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న, పెట్టుబడిదారుల బృందం పోటీ పడినా దక్కలేదు, దాని మీద చాలా గొడవ జరిగింది. 1987లో యూనివిజన్ అనే పేరు వచ్చింది. 1992లో జెర్రీ పెరెంచియో అనే హాలీవుడ్ వ్యాపారి టెలెవిసాను, వెనిజులా కంపెనీ వెనెవిసియోన్‌ను భాగస్వాములుగా పెట్టుకుని 55 కోట్లకు కొన్నాడు. 2007లో ప్రైవేట్ ఈక్విటీ సంస్థలు అప్పులతో కలిపి 1,300 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొన్నాయి. పదిహేనేళ్లలో ఇంత పెరుగుదల ఎక్కడి నుంచి వచ్చింది? జనాభా పెరిగింది నిజమే. దానికన్నా ముఖ్యంగా, ఆ జనాభాను లెక్కపెట్టడం మొదలైంది.

నీల్సన్ సంస్థ లాటినో ఇళ్ల కోసం ప్రత్యేకంగా రేటింగ్ మొదలుపెట్టింది 1992లో. అదే ఏడాది ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో కేఎల్‌ఏఎక్స్ అనే ఎఫ్‌ఎం స్టేషన్ మెక్సికో పల్లెటూళ్ల బాండా సంగీతం వేయడం మొదలుపెట్టి, కొన్ని నెలల్లోనే రేడియో శ్రోతలను లెక్కపెట్టే ఆర్బిట్రాన్ సంస్థ రేటింగుల్లో ఊరు మొత్తానికి నంబర్ వన్ అయింది. ఇంగ్లిష్ స్టేషన్లు నమ్మలేదు, లెక్కలో ఏదో మోసం ఉందన్నవాళ్లూ ఉన్నారు. మోసం ఏమీ లేదు. తోటల్లో, హోటల్ వంటగదుల్లో, బట్టల ఫ్యాక్టరీల్లో రేడియో పెట్టుకుని పనిచేసే లక్షలమంది అంతకుముందు లెక్కలో లేరు, ఇప్పుడు వచ్చారు. ఇది ఒక్కసారితో తేలిన గొడవ కాదు. 2008లో న్యూయార్క్‌లో ఆర్బిట్రాన్, శ్రోతలు విన్నది రాసిపెట్టే డైరీ పద్ధతి మానేసి పేజర్ లాంటి చిన్న యంత్రంతో కొలవడం మొదలుపెట్టినప్పుడు శాంపిల్‌లో లాటినోలు, నల్లజాతివాళ్లు సరిపడా లేరని న్యూయార్క్ అటార్నీ జనరల్ కోర్టుకెక్కాల్సి వచ్చింది. ప్రసార రంగంలో లెక్కలోకి రానివాడికి యాడ్ రాదు, యాడ్ రానివాడికి స్టేషన్ ఉండదు. 2013 జులై రేటింగుల్లో 18 నుంచి 49 ఏళ్ల వయసువాళ్లలో యూనివిజన్ ఇంగ్లిష్ నెట్‌వర్కులన్నింటినీ దాటి మొదటి స్థానంలో నిలబడింది.

ఈ లెక్కలకు అందని శక్తి ఒకటుంది, దాన్ని దేశమంతా చూసింది 2006 వసంతంలో. పత్రాలు లేని వలసదారులను నేరస్థులుగా చూసే బిల్లు అంతకుముందు డిసెంబరులో ప్రతినిధుల సభ దాటింది. లాస్ ఏంజెలెస్ ఉదయం రేడియోలో పియోలిన్, ఎల్ కుకుయ్, ఎల్ మాంద్రిల్ అనే పేర్లతో మాట్లాడే డీజేలు అప్పటిదాకా శ్రోతల కోసం ఒకరితో ఒకరు కొట్టుకునేవాళ్లు, జోకులు, పాటలు, ఫోన్ కాల్స్ అంతే వాళ్ల లోకం. ఆ ముగ్గురూ పోటీ పక్కనపెట్టి ఒకే మాట చెప్పారు: మార్చి 25న రండి, తెల్ల బట్టలు వేసుకోండి, అమెరికా జెండా పట్టుకోండి, చెత్త వేయకండి, గొడవ పడకండి. పోలీసుల అంచనా ప్రకారమే 5 లక్షలమంది వచ్చారు. ఇంగ్లిష్ పత్రికలు ఇంతమంది ఎక్కడి నుంచి వచ్చారని ఆశ్చర్యపోయాయి, ఎందుకంటే ఆ విలేకరుల్లో చాలామంది ఆ రేడియో ఎప్పుడూ విననివాళ్లు. ఆ బిల్లు సెనేట్‌లో ఆగిపోయింది. పెద్రో గొన్సాలెస్ వేకువ జామున చేసిన పనే ఇది, ఈసారి ఎవరినీ జైల్లో వేయలేకపోయారు.

లోకల్ న్యూస్ విషయంలో అంచనాలతో పనిలేదు, గట్టి రుజువే ఉంది. ఫెలిక్స్ ఓబర్‌హోల్జర్-గీ, జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆర్థికవేత్తలు 2009లో ప్రచురించిన అధ్యయనంలో స్పానిష్ లోకల్ టీవీ న్యూస్ ఉన్న ఊళ్లనూ లేని ఊళ్లనూ పోల్చి చూశారు. న్యూస్ ఉన్నచోట లాటినోల ఓటింగ్ 5 నుంచి 10 శాతం పాయింట్లు ఎక్కువ. ఎన్నికల్లో ఇది చిన్న తేడా కాదు, గెలుపోటములు తేల్చేంత తేడా. సీరియల్ ఎంత బాగున్నా స్కూల్ బోర్డు ఎన్నిక ఎప్పుడో చెప్పదు, ఓటు ఎక్కడ నమోదు చేసుకోవాలో చెప్పదు, ఇంటి ఓనర్ అడ్వాన్స్ తిరిగి ఇవ్వకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పదు. ఆరింటి వార్త చెబుతుంది.

అయితే స్పానిష్ ప్రేక్షకులు అంటే ఒకే రకం జనం అనుకోవడం పెద్ద పొరపాటు, ఆ పొరపాటు నెట్‌వర్కులే ఎక్కువ చేశాయి. లాస్ ఏంజెలెస్‌లో మెక్సికన్లు, న్యూయార్క్‌లో ప్యూర్టోరికన్లు, డొమినికన్లు, మయామీలో క్యూబన్లు, ఒక్కొక్కరి యాస వేరు, సంగీతం వేరు, రాజకీయం వేరు. ప్యూర్టోరికన్లు పుట్టుకతోనే అమెరికా పౌరులు, వాళ్లకు వీసా వార్తతో పనిలేదు. మయామీ రేడియోలో కాస్ట్రో పేరెత్తితే వేడెక్కే చర్చ లాస్ ఏంజెలెస్ శ్రోతకు పట్టదు. టెలిముండో తన సీరియళ్లలో నటులకు ఏ దేశపుదో చెప్పలేనంత మెత్తటి యాస నేర్పించి ఈ తేడాలు చెరపాలని చూసింది. చిలీలో 1962లో మొదలై, 1986 నుంచి మయామీలో తయారై, 2015లో ఆగిన దోన్ ఫ్రాన్సిస్కో శనివారం షో ఒక్కటే బహుశా నిజంగా అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టింది.

సీరియళ్ల పట్టు మాత్రం సడలింది. కొలంబియాలో 1999లో వచ్చిన బెట్టీ కథ లాంటివి దేశదేశాలు తిరిగి 2003లో హిందీలో జస్సీగా మన ఇళ్లకూ చేరాయి, అది ఆ రూపం బాగా వెలిగిన కాలం. 2002లో ఎన్‌బీసీ చేతికి వచ్చిన టెలిముండో మెక్సికో నుంచి కొనే బదులు సొంతంగా తీయడం పెంచింది, డ్రగ్స్ ముఠాల కథలతో కొత్త ప్రేక్షకులను లాగింది. ఇప్పుడు అమెరికాలో పుట్టిన లాటినో పిల్లలకు ఇంగ్లిషే సులువు. ప్యూ పరిశోధన సంస్థ 2023 సర్వేలో లాటినో పెద్దవాళ్లలో సగానికి పైగా వార్తలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే చూస్తామన్నారు. యూనివిజన్, టెలెవిసా కంటెంట్ వ్యాపారం 2022లో కలిసిపోయి టెలెవిసాయూనివిజన్ అయ్యాయి, విక్స్ అనే స్ట్రీమింగ్ మీద డబ్బు పెట్టాయి. అదే ఏడాది ఆ కంపెనీ 18 రేడియో స్టేషన్లను 6 కోట్ల డాలర్లకు అమ్మేయడానికి ఒప్పందం చేసుకుంది, అందులో మయామీ క్యూబన్ల రేడియో మాంబీ కూడా ఉంది. స్ట్రీమింగ్‌లో సీరియల్ బతుకుతుంది, ఎక్కడ తీసినా ఎక్కడైనా చూడొచ్చు. ఫ్రెస్నోలోనో శాన్ ఆంటోనియోలోనో జరిగిన సంగతి చెప్పే విలేకరి జీతం మాత్రం ఆ లెక్కలో ఇమడదు.

అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు ఈ తేడా బాగానే తెలియాలి. అక్కడ తెలుగు ఇళ్లలో నడిచే ఛానళ్లు దాదాపు అన్నీ హైదరాబాద్‌లో తయారయ్యేవే. అసెంబ్లీలో గొడవ నిమిషాల్లో తెలుస్తుంది, తాము ఉన్న కౌంటీలో నీళ్లు కాచుకుని తాగమన్నారన్న సంగతి తెలియదు. ఉద్యోగం చేసే పిల్లలకు ఇంగ్లిష్ వస్తుంది కాబట్టి సరిపోతుంది, కానీ మనవడిని చూసుకోవడానికి ఆర్నెల్లు వచ్చిన అమ్మమ్మ ఒక్కతే ఇంట్లో ఉన్నప్పుడు ఫోన్‌లో టోర్నడో హెచ్చరిక మోగితే ఆమెకు అది వట్టి శబ్దం. 2005లో కత్రినా తుపానుకు న్యూ ఓర్లీన్స్ ప్రాంతపు స్పానిష్ స్టేషన్ ప్రసారం ఆగిపోయినప్పుడు అక్కడి వలస కూలీలకు జరిగింది ఇదే. హెచ్చరికలు వేరే భాషల్లోనూ ఇవ్వాలని ఆ ఏడాదే స్పానిష్ ప్రసారకర్తల సంఘం మరికొన్ని సంస్థలతో కలిసి ఎఫ్‌సీసీకి అర్జీ పెట్టుకుంది. ఫోన్ హెచ్చరికలకు ఇంగ్లిష్ కాక 13 భాషల్లో నమూనాలు పెట్టాలని ఎఫ్‌సీసీ ఆదేశం ఇచ్చింది 2025 జనవరిలో, ఇరవై ఏళ్లకు. ఆ 13లో స్పానిష్ ఉంది, హిందీ ఉంది, తెలుగు లేదు.

స్పానిష్ రేడియోలో కూడా ఇలా బయట ఉండిపోయినవాళ్లు ఉన్నారు, వాళ్ల గురించి ముందుగా ఆలోచించింది ఒక చిన్న సంస్థ. ఫ్రెస్నోలో 1980 జులై 4న ప్రసారం మొదలుపెట్టిన రేడియో బిలింగ్వే స్థాపకుడు ఊగో మొరాలెస్ పొలం కూలీల ఇంట్లో పెరిగి హార్వర్డ్‌లో లా చదివాడు, ఆయన ఇంటి భాష మిస్తెక్ అనే మెక్సికో ఆదివాసీ భాష. మెక్సికోలోని వహాకా నుంచి కాలిఫోర్నియా పొలాలకు వచ్చే కూలీల్లో చాలామందికి స్పానిష్ కూడా పరాయి భాషే, అందుకని ఆ స్టేషన్ వారానికోసారి మిస్తెక్ భాషలో కార్యక్రమం నడుపుతుంది. యాడ్ల మీద బతికే ఏ ఛానలూ ఆ పని చేయదు, ఎందుకంటే మిస్తెక్ మాట్లాడే ద్రాక్షతోట కూలీని ఏ రేటింగ్ కంపెనీ లెక్కపెట్టదు. ఇలాంటి స్టేషన్లకు ప్రభుత్వ డబ్బు అందించే కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్‌కు ఇవ్వాల్సిన 110 కోట్ల డాలర్లను 2025 జులైలో అమెరికా కాంగ్రెస్ రద్దు చేసింది, ఆగస్టులో ఆ సంస్థ మూతపడే పనిలో పడింది. రేడియో బిలింగ్వేకు ఇన్నాళ్లూ ఆసరాగా ఉన్న నిధుల్లో అదొకటి. ఇప్పుడు ఆ లోటును విరాళాలతోనే పూడ్చుకోవాలి, వినేవాళ్లేమో రోజుకూలీ మీద బతికేవాళ్లు.